డ్రైవింగు పరీక్ష: కొలిచేదెవరు? కొలిచేదేమిటి?

మీలో కొందరికి ఈపాటికే పద్దెనిమిదేళ్ళు నిండి ఉంటాయి. మరికొందరు ఆ పుట్టినరోజు కోసం రోజులు లెక్కపెట్టుకుంటూ ఉంటారు. పద్దెనిమిది నిండితే ఓటు వేసే అర్హత వస్తుంది. గేర్ల మోటారుసైకిలుకూ, కారుకూ లైసెన్సు కోరే అర్హత కూడా ఆ వయసుకే వస్తుంది. కానీ రెండింటికీ ఒక తేడా ఉంది. ఓటు వెయ్యడానికి ఎవరూ మనకు పరీక్ష పెట్టరు. లైసెన్సుకు మాత్రం పరీక్ష నెగ్గాలి. మనం నడిపే బండి వల్ల దారిన పోయే మరో మనిషి ప్రాణానికి ముప్పు రాకూడదన్నదే ఆ పరీక్ష వెనుక ఉన్న ఆలోచన.

సైన్సు విద్యార్థులుగా మీరు ఈ పరీక్షను మరో విధంగా కూడా చూడవచ్చు. ఇది ఒక కొలత సాధనం. థర్మామీటరు ఒంటి వేడిని కొలిచినట్లే డ్రైవింగు పరీక్ష ఒక మనిషి నైపుణ్యాన్ని కొలుస్తుంది. మరి ఒక థర్మామీటరు డబ్బు ఇచ్చినవాడికి జ్వరం ఉన్నా 98.4 డిగ్రీలే చూపించి, ఇవ్వనివాడికి జ్వరం లేకపోయినా 102 చూపిస్తే ఏమవుతుంది? దాన్ని ఏ డాక్టరూ నమ్మడు, పారేస్తాడు. డ్రైవింగు పరీక్షను అలా పారేయడం కుదరదు కనుక, దాన్ని సరిచేయడానికి దాదాపు 130 ఏళ్ళుగా ఎన్నో దేశాలు ప్రయత్నిస్తూనే ఉన్నాయి. ఆ ప్రయత్నాల చరిత్రే ఈ వ్యాసం.

తొలి అనుమతి పత్రాలు

మోటారు కారును రూపొందించిన జర్మన్ ఇంజనీరు కార్ల్ బెంజ్‌కే అనుమతి పత్రం తీసుకోవలసిన అవసరం వచ్చింది. మన్‌హైమ్ పట్టణంలో ఆయన బండి చేసే చప్పుడు, అది వదిలే వాసన భరించలేక జనం ఫిర్యాదు చేశారు. దాంతో 1888లో ఆయన స్థానిక ప్రభుత్వం నుంచి రాతపూర్వకంగా అనుమతి పొందాడు. అయితే అది కేవలం అనుమతి. ఆయనకు నడపడం వచ్చునా అని ఎవరూ పరీక్షించలేదు. ఆ రోజుల్లో ఆయనను పరీక్షించగలవాడు మాత్రం ఎవడున్నాడు?

పరీక్ష అనే భావన ఫ్రాన్సులో మొదలయింది. 1893 ఆగస్టులో పారిస్ పోలీసు అధికారులు ఒక ఉత్తర్వు జారీ చేశారు. దాని ప్రకారం మోటారు బండి నడపాలంటే ‘సామర్థ్య పత్రం’ ఉండి తీరాలి. అప్పట్లో ఆవిరి బాయిలర్లను తనిఖీ చేసే బాధ్యత గనుల శాఖ ఇంజనీర్లది. మోటారు బండి కూడా ఒక యంత్రమే కనుక దాన్ని నడిపేవారిని పరీక్షించే పనీ వారికే అప్పగించారు. ఈ పద్ధతి 1899లో ఫ్రాన్సు దేశమంతటికీ వచ్చింది.

బ్రిటన్ దారి వేరు. అక్కడ 1903 నాటి మోటారు కార్ల చట్టం లైసెన్సును తప్పనిసరి చేసింది గాని పరీక్ష పెట్టలేదు. ఐదు షిల్లింగులు కట్టినవారికి లైసెన్సు ఇచ్చేవారు. దాని ఉద్దేశం బండి నడిపేది ఎవరో గుర్తించడమే. ఫలితం 30 ఏళ్ళ తరువాత లెక్కల్లో తేలింది. 1934లో గ్రేట్ బ్రిటన్ రోడ్ల మీద 7,343 మంది చనిపోయారు. అప్పుడు అక్కడ ఉన్న వాహనాలు సుమారు 24 లక్షలే.

ఆ ఏడు చేసిన కొత్త చట్టం ప్రకారం 1935 మార్చిలో ఇష్టమైనవారికి పరీక్షలు మొదలుపెట్టారు. జూన్ 1 నుంచి, అంతకుముందు ఏడాది ఏప్రిల్ 1న గాని ఆ తరువాత గాని డ్రైవింగు మొదలుపెట్టిన అందరికీ పరీక్ష తప్పనిసరి అయింది. అప్పటికి పరీక్షా కేంద్రాలు లేవు. అందుకని పరీక్షాధికారి ఏ రైల్వేస్టేషను దగ్గరో, పార్కు దగ్గరో అభ్యర్థిని కలుసుకునేవాడు. తొలి ఏడాది నెగ్గినవారు సుమారు 63 శాతం. అంటే ముగ్గురిలో ఒకరికి పైగా తప్పారన్నమాట.

2023లో అదే గ్రేట్ బ్రిటన్‌లో రోడ్డు ప్రమాదాల్లో మరణించినవారు 1,624 మంది. వాహనాలు మాత్రం 4 కోట్లు దాటాయి. ఈ తగ్గుదల అంతా పరీక్ష ఘనతే అనుకోకూడదు. సీటు బెల్టులు, మంచి రోడ్లు, మెరుగైన వైద్యం, తాగి నడపడం మీద కట్టడి అన్నీ కలిస్తేనే అది సాధ్యమయింది. కానీ ఒక విషయం గమనించండి. అక్కడ పరీక్ష పెట్టేది ప్రభుత్వ ఉద్యోగి, శిక్షణ ఇచ్చేది మరొకరు. నేర్పేవాడూ కొలిచేవాడూ ఒకరే కాకూడదన్న ఈ నియమం మనకు ముందు ముందు అవసరమవుతుంది, గుర్తుంచుకోండి.

‘తృప్తి కలిగేలా...’

మన దేశంలో మోటారు వాహనాలకు తొలి అఖిల భారత చట్టం 1914లో వచ్చింది. బండి నడపడానికి లైసెన్సు ఉండాలనీ, 18 ఏళ్ళ లోపువారు నడపకూడదనీ అందులో చెప్పారు. ఆ తరువాత 1939లో మరింత వివరమైన చట్టం వచ్చింది. స్వాతంత్ర్యం వచ్చాక కూడా నాలుగు దశాబ్దాలకు పైగా, కాలానుగుణమైన సవరణలతో, అదే అమలులో ఉంది. ఇప్పటి మోటారు వాహనాల చట్టం 1988లో ఆమోదం పొంది 1989 జూలై 1 నుంచి అమలులోకి వచ్చింది. దానితో పాటే కేంద్ర మోటారు వాహనాల నియమావళి, 1989 కూడా వచ్చింది.

ఆ నియమావళిలో 15వ నియమం తీసి చదవండి. డ్రైవింగు పరీక్షలో ఏమేమి చూడాలో అందులో వరుసగా రాసి ఉంటుంది. వెనుకవైపు చూసే అద్దాన్ని సరిచేసుకోవడం, కదిలే ముందు జాగ్రత్తలు తీసుకోవడం, టాప్ గేరు వరకూ అన్ని గేర్లూ మార్చడం, నిటారుగా ఉన్న ఎత్తులో ఆపి బండి వెనక్కు జారకుండా మళ్ళీ కదిలించడం, ఇరుకు చోటులోకి రివర్సులో తీసుకుపోవడం, మలుపుల్లో సరిగా తిరగడం, ఇతర వాహనాలను దాటడం, తనను దాటేవారికి దారి ఇవ్వడం — ఇలా సాగుతుంది ఆ జాబితా. లెర్నర్స్ లైసెన్సు, అంటే మన వాడుకలో ఎల్ఎల్ఆర్, తీసుకుని కనీసం 30 రోజులు గడిస్తేనే ఈ పరీక్షకు రానిస్తారు. తప్పితే ఏడు రోజుల తరువాత మళ్ళీ రావచ్చు. కాగితం మీద చూస్తే ఇది ఏ దేశపు పరీక్షకూ తీసిపోదు.

మరి లోపం ఎక్కడ వచ్చింది? ఒక చిన్న మాట చూడండి. 1988 చట్టం 8వ సెక్షనులో, నిర్ణీత పరీక్షను లైసెన్సు ఇచ్చే అధికారికి ‘తృప్తి కలిగేలా’ నెగ్గినవారికే లెర్నర్స్ లైసెన్సు ఇవ్వాలని రాశారు. చట్టాల్లో ఇది మామూలుగా వాడే మాటే. కానీ కొలతల శాస్త్రం దృష్టితో ఆలోచిస్తే ఇందులో చిక్కు కనిపిస్తుంది. ఇక్కడ కొలత సాధనం ఒక మనిషి తృప్తి. దానికి గీతలు లేవు, అంకెలు లేవు. ఒకే అభ్యర్థిని ఇద్దరు అధికారులు పరీక్షిస్తే ఒకే ఫలితం వస్తుందన్న హామీ లేదు. వచ్చిన ఫలితాన్ని మరొకరు సరిచూసుకునే ఆధారమూ లేదు.

ఇక ఆచరణలో పరీక్ష ఎలా ఉండేదో మీ ఇంట్లో పెద్దవాళ్ళను అడిగితే చెబుతారు. మన జనం ‘బ్రేకు ఇన్‌స్పెక్టరు’ అని పిలుచుకునే మోటారు వాహనాల ఇన్‌స్పెక్టరు ముందు ద్విచక్ర వాహనంతో ‘ఎనిమిది’ వెయ్యాలి. కారయితే ముందుకూ వెనక్కూ కాస్త నడిపి చూపాలి. ఒక్కొక్కరికి దక్కేవి కొద్ది నిమిషాలు. ఆర్టీవో ఆఫీసు గేటు దగ్గర మాత్రం మరో మనిషి ఎదురుపడేవాడు. అతడే ఏజెంటు, లేదా బ్రోకరు.

ఢిల్లీలో ఒక ప్రయోగం

ఏజెంట్ల గురించి అందరికీ తెలుసు. కానీ తెలియడం వేరు, కొలవడం వేరు. ఈ వ్యవహారాన్ని నలుగురు ఆర్థికశాస్త్రవేత్తలు ప్రయోగం చేసి కొలిచారు. వారు మరియాన్ బెర్‌ట్రాండ్, సిమియన్ జాంకోవ్, రేమా హన్నా, సెంథిల్ ముల్లైనాథన్. 2004, 2005 సంవత్సరాలలో ఢిల్లీలో జరిపిన ఈ అధ్యయనం 2007లో ‘క్వార్టర్లీ జర్నల్ ఆఫ్ ఎకనామిక్స్’ పత్రికలో అచ్చయింది.

ప్రయోగం తీరు చూడండి, మీ పాఠాల్లో చదివిన పద్ధతే. లైసెన్సు కోరి వచ్చిన 822 మందిని యాదృచ్ఛికంగా, అంటే చీటీలు తీసినట్లుగా, మూడు గుంపులుగా విడదీశారు. మొదటి గుంపుకు, 32 రోజుల్లో లైసెన్సు తెచ్చుకుంటే 2,000 రూపాయల బహుమతి ఇస్తామన్నారు. చట్టప్రకారం కనీస గడువు 30 రోజులు కనుక, వీరికి తొందర ఎక్కువ. రెండవ గుంపుకు ఉచితంగా డ్రైవింగు పాఠాలు చెప్పించారు. మూడవ గుంపును పోలిక కోసం దాని మానాన వదిలేశారు. లైసెన్సు చేతికి వచ్చాక, వారికి నిజంగా నడపడం వచ్చునో లేదో తెలుసుకోవడానికి పరిశోధకులు సొంతంగా మరో పరీక్ష పెట్టించారు.

ఇలా ఎందుకు చేశారు? పరీక్ష అనే సాధనం సరిగా పనిచేస్తుంటే, పాఠాలు నేర్చుకున్న గుంపుకే లైసెన్సులు ఎక్కువగా రావాలి. ఒకవేళ బహుమతి గుంపుకూ ఎక్కువగా వచ్చినా, వారు బండి నేర్చుకునే తెచ్చుకుని ఉండాలి. అలా కాకుండా తొందర ఉన్నవారికి డ్రైవింగు రాకపోయినా లైసెన్సు దొరికితే, ఆ సాధనం కొలుస్తున్నది నైపుణ్యాన్ని కాదు, ఖర్చు పెట్టడానికి ఎంత సిద్ధంగా ఉన్నారన్నదాన్ని.

ఫలితాలు ఇవి. పాఠాల గుంపుకూ బహుమతి గుంపుకూ కూడా పోలిక గుంపు కంటే ఎక్కువ లైసెన్సులు వచ్చాయి. అయితే బహుమతి గుంపులో డ్రైవింగు రాకుండానే లైసెన్సు సంపాదించినవారు పెరిగారు. అదనంగా డబ్బు ఖర్చు పెట్టినవారూ పెరిగారు. మొత్తం మీద లైసెన్సు పొందిన వ్యక్తి సగటున సుమారు 1,120 రూపాయలు ఖర్చు పెట్టాడు. అసలు రుసుము 450 రూపాయలే. లైసెన్సు పొందినవారిలో సుమారు 60 శాతం మంది అసలు డ్రైవింగు పరీక్షకే హాజరు కాలేదు. స్వతంత్ర పరీక్షలో 54 శాతం మంది బండి నడిపే అర్హత లేనివారని తేలింది.

అంటే నాణెం ఎగరేసి లైసెన్సులు ఇచ్చినా ఇంతకంటే పెద్ద తేడా ఉండేది కాదేమో!

ఇంకో సంగతి కూడా ఈ అధ్యయనంలో బయటపడింది. అదనపు డబ్బంతా ఏజెంట్ల ద్వారానే చేతులు మారింది. మరో వైపు, నేరుగా పరీక్షకు వెళ్ళినవారిని వారి నైపుణ్యంతో సంబంధం లేకుండా తప్పిస్తున్న సూచనలు కనిపించాయి. బండి బాగా నడిపినా తప్పే అవకాశం ఉన్నప్పుడు నిజాయితీపరుడు కూడా ఏం చేస్తాడు? విసిగిపోయి ఏజెంటు దగ్గరికి వెళతాడు. ఈ సంగతిని మరింత నిర్ధారించుకోవడానికి పరిశోధకులు కొందరు నటులను ఏజెంట్ల దగ్గరికి పంపారు. ‘నాకు నడపడం రాదు, లైసెన్సు కావాలి’ అంటే ఏజెంట్లు ఒప్పుకున్నారు. కానీ చిరునామా రుజువు వంటి కాగితం లేదంటే అంత సులభంగా ఒప్పుకోలేదు. దీని భావం మీరే ఊహించవచ్చు. కాగితం లేకపోతే ఫైలులో అది ఎప్పటికీ కనిపిస్తుంది. నైపుణ్యం లేకపోవడం ఫైలులో కనిపించదు. కొలతకు ఆధారం మిగలని చోటనే దాన్ని అమ్ముకోవడం సులువు.

‘లంచం అంటే ఒకరి జేబులోంచి మరొకరి జేబులోకి డబ్బు పోవడమే కదా, పని అయితే త్వరగా అవుతుంది’ అని సమర్థించేవారు ఉన్నారు. ఢిల్లీ ప్రయోగం ఆ వాదాన్ని తోసిపుచ్చింది. ఇక్కడ డబ్బు ఒక్కటే చేతులు మారలేదు. బండి నడపడం రానివారు కూడా లైసెన్సుతో రోడ్డు మీదికి వచ్చారు.

మూల్యం చెల్లించేది మూడోవాడు

ఈ జాడ్యం మన దేశానికే పరిమితం అనుకోకండి. అమెరికాలోని ఇల్లినాయ్ రాష్ట్రంలో 1990లలో ట్రక్కు డ్రైవర్ల లైసెన్సులు లంచాలకు అమ్ముడుపోయాయి. 1994 నవంబరులో పొరుగున ఉన్న విస్కాన్సిన్ రాష్ట్రంలో, అలా లైసెన్సు పొందిన ఒక డ్రైవరు నడుపుతున్న ట్రక్కు నుంచి ఒక విడిభాగం ఊడి రోడ్డు మీద పడింది. వెనుక వస్తున్న వ్యాను ఇంధన ట్యాంకుకు అది తగిలి మంటలు లేచాయి. ఒకే కుటుంబానికి చెందిన ఆరుగురు పిల్లలు చనిపోయారు. తరువాత ఫెడరల్ ప్రభుత్వం ఏళ్ళ తరబడి జరిపిన దర్యాప్తులో డజన్ల కొద్దీ మందికి శిక్షలు పడ్డాయి. ఆ రోజుల్లో లైసెన్సుల శాఖకు అధిపతిగా ఉండి, అనంతరం రాష్ట్ర గవర్నరు అయిన జార్జ్ ర్యాన్‌ను 2006లో కోర్టు అవినీతి నేరాలకు దోషిగా తేల్చింది.

ఇందులో ముఖ్యమైన విషయం ఒకటి ఉంది. లంచం ఇచ్చినవాడు, తీసుకున్నవాడు ఇద్దరూ లాభపడ్డారు. మూల్యం చెల్లించింది ఆ బేరంతో ఏ సంబంధమూ లేని మూడో మనిషి. మన దేశంలో ఆ మూడో మనిషి ఎవరో లెక్కలు చెబుతాయి. కేంద్ర రోడ్డు రవాణా శాఖ లెక్కల ప్రకారం 2022లో దేశంలో 4,61,312 రోడ్డు ప్రమాదాలు జరిగాయి. వాటిలో 1,68,491 మంది చనిపోయారు. సగటున రోజుకు 460 మందికి పైగా. వీరిలో దాదాపు 44.5 శాతం ద్విచక్ర వాహనాల మీద వెళ్ళేవారు, 19.5 శాతం పాదచారులు. ప్రమాదాలన్నిటికీ డ్రైవరు నైపుణ్యలోపమే కారణం కాదు. అతివేగం, రోడ్ల లోపాలు, పాత బండ్లు, రాత్రి వెలుతురు లేకపోవడం కూడా ఉన్నాయి. కానీ రోడ్డు మీదికి ఎవరు రావచ్చో నిర్ణయించే తొలి తలుపు లైసెన్సు పరీక్షే.

ఢాకా విద్యార్థుల తనిఖీ

ఆ తలుపు దగ్గర కాపలా లేకపోతే ఏమవుతుందో మన పొరుగుదేశం బంగ్లాదేశ్‌లో మీ వయసువారే లోకానికి చూపించారు. 2018 జూలై 29న రాజధాని ఢాకాలో పోటీపడి నడుపుతున్న బస్సుల్లో ఒకటి దూసుకువచ్చి ఇద్దరు విద్యార్థులను బలిగొంది. మర్నాటి నుంచి వేలాది స్కూలు, కాలేజీ విద్యార్థులు యూనిఫారాల్లోనే వీధుల్లోకి వచ్చారు. వారు చేసిన పని చాలా సరళమైనది. బండ్లను ఆపి ‘లైసెన్సు చూపించండి’ అని అడిగారు. ప్రభుత్వ వాహనాలనూ, పోలీసుల వాహనాలనూ కూడా వదలలేదు. వాటిని నడిపేవారిలో కూడా కొందరి దగ్గర సరైన కాగితాలు లేవని తేలింది. అత్యవసర వాహనాల కోసం ప్రత్యేకంగా ఒక వరుస కూడా ఖాళీగా ఉంచారు.

ఆ ఉద్యమాన్ని బలప్రయోగంతో అణచివేశారు. కానీ అదే ఏడు సెప్టెంబరులో బంగ్లాదేశ్ పార్లమెంటు కొత్త రోడ్డు రవాణా చట్టాన్ని ఆమోదించింది. డ్రైవరు కనీసం ఎనిమిదో తరగతి చదివి ఉండాలన్న షరతు అందులో పెట్టారు. ఇక్కడ ఒక ఆసక్తికరమైన పోలిక ఉంది. మన దేశంలో రవాణా వాహనాల డ్రైవర్లకు అంతకుముందు నుంచీ ఉన్న ఎనిమిదో తరగతి షరతును 2019లో తొలగించారు. చదువు లేకపోయినా నైపుణ్యం ఉన్న పేదలకు ఉపాధి దక్కాలన్నది ఇక్కడి వాదం. చట్టాలు, సూచనలు చదవగలిగితేనే క్షేమం అన్నది అక్కడి వాదం. ఎనిమిదో తరగతి సర్టిఫికెట్టు నైపుణ్యాన్ని కొలవదు, చదువునే కొలుస్తుంది. నైపుణ్యాన్ని కొలిచే పరీక్ష గట్టిగా ఉంటే ఆ షరతు తీసేసినా నష్టం లేదు. పరీక్ష బలహీనంగా ఉంటే షరతు ఉన్నా లాభం లేదు.

యంత్రం చేతికి కొలబద్ద

మనిషి తృప్తి మీద ఆధారపడే కొలతను యంత్రానికి అప్పగించాలన్నది గత పాతికేళ్ళ సంస్కరణల సారాంశం. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ రవాణా శాఖ ‘సీఎఫ్‌ఎస్‌టీ’ పేరుతో కంప్యూటరీకరణ చేపట్టిన తొలి రాష్ట్రాలలో ఒకటి. అధికారి నోటితో అడిగే ప్రశ్నల బదులు లెర్నర్స్ పరీక్ష క్రమంగా కంప్యూటరు తెర మీదికి వచ్చింది. జాతీయ సమాచార కేంద్రం తయారుచేసిన ‘సారథి’ అనే సాఫ్ట్‌వేరు లైసెన్సుల వివరాలను ఒకచోట చేర్చింది. ఒకే మనిషి రెండు ఊళ్ళలో రెండు లైసెన్సులు తీసుకోవడం దీంతో కష్టమయింది.

తరువాత వచ్చింది ఆటోమేటెడ్ ట్రాకు. ఢిల్లీతో సహా పలు నగరాల్లో ఇవి ఉన్నాయి. ట్రాకు మీద ‘8’, ‘హెచ్’ ఆకారాలు, ఎత్తు, పార్కింగు చోటు గీసి ఉంటాయి. కెమెరాలూ సెన్సర్లూ బండి కదలికను నమోదు చేస్తాయి. చక్రం గీత తాకిందా, ఎత్తు మీద బండి వెనక్కు జారిందా, రివర్సుకు ఎంత సమయం పట్టింది అన్నవి అంకెలుగా వస్తాయి. వీడియో మిగిలిపోతుంది. ఢిల్లీ ప్రయోగంలో మనం చూసిన అసలు జబ్బుకు ఇదే మందు: ఆధారం మిగలడం.

2019లో చట్టానికి పెద్ద సవరణ జరిగింది. ఆ ‘తృప్తి కలిగేలా’ అన్న మాటను 8వ సెక్షను నుంచి తీసి, నిర్ణీత షరతులు నెరవేర్చితే చాలునని రాశారు. లైసెన్సు లేకుండా నడిపితే జరిమానా 500 నుంచి 5,000 రూపాయలకు పెరిగింది. మైనరు బండి నడిపి నేరం చేస్తే సంరక్షకుడికి గాని, వాహన యజమానికి గాని 25,000 రూపాయల జరిమానా, మూడేళ్ళ వరకు జైలు పడవచ్చు. ఆ మైనరుకు 25 ఏళ్ళు వచ్చేవరకు లైసెన్సు ఇవ్వరు. ఇంకా లైసెన్సు వయసు రాని పాఠకులు ఈ వాక్యం మరొకసారి చదువుకోవడం మంచిది.

2021 మార్చిలో ఆధార్ ఆధారంగా లెర్నర్స్ లైసెన్సు వంటి సేవలను ఇంటి నుంచే పొందే వీలు కలిగింది. ఆఫీసు గేటు దాటే పని లేనప్పుడు ఏజెంటుకు తావేదీ అని అనిపిస్తుంది. కానీ కొత్త ప్రశ్న ఒకటి పుడుతుంది. ఇంట్లో తెర ముందు కూర్చుని జవాబులు నొక్కుతున్నది దరఖాస్తు చేసిన మనిషేనా? కొలత సాధనం మారితే దాన్ని మోసం చేసే పద్ధతీ మారుతుంది. కాబట్టి కాపలా కూడా మారాలి.

అదే ఏడు జూలై 1 నుంచి మరో ముఖ్యమైన మార్పు వచ్చింది. గుర్తింపు పొందిన డ్రైవింగు శిక్షణ కేంద్రంలో కోర్సు పూర్తిచేసి అక్కడి పరీక్ష నెగ్గినవారు మళ్ళీ ఆర్టీవో ఆఫీసులో డ్రైవింగు పరీక్ష ఇవ్వనక్కరలేదు. తేలికపాటి వాహనాలకు నాలుగు వారాలలోపు 29 గంటల శిక్షణ, భారీ వాహనాలకు ఆరు వారాలలో 38 గంటల శిక్షణ ఉండాలి. కేంద్రంలో సిమ్యులేటరు, ట్రాకు తప్పనిసరి. కొద్ది నిమిషాల పరీక్ష కంటే 29 గంటల శిక్షణ మేలన్నది కాదనలేం. అయితే బ్రిటన్ కథలో గుర్తుంచుకోమన్న నియమాన్ని ఇప్పుడు తలచుకోండి. ఇక్కడ నేర్పేవాడూ, కొలిచేవాడూ, రుసుము తీసుకునేవాడూ ఒకరే. తన విద్యార్థి తప్పితే తనకే చెడ్డపేరు. అందువల్ల ఈ కేంద్రాల మీద బయటివారి తనిఖీ ఎంత గట్టిగా ఉంటే ఈ సంస్కరణకు అంత విలువ ఉంటుంది.

సంస్కరణలకు ఎదురుగాలీ ఉంటుంది. 2024లో కేరళ ప్రభుత్వం డ్రైవింగు పరీక్షలను కఠినం చేసి, రోజుకు నిర్వహించే పరీక్షల సంఖ్యను తగ్గించబోతే డ్రైవింగు స్కూళ్ళవారు ఆందోళనకు దిగారు. ప్రభుత్వం కొంత సడలించవలసి వచ్చింది. పరీక్ష చుట్టూ ఎందరి జీవనోపాధి అల్లుకుని ఉందో దీన్ని బట్టి తెలుస్తుంది.

చెయ్యి నేర్చింది, కన్ను నేర్చిందా?

ఇంతవరకూ కొలిచేది ఎవరన్న ప్రశ్నను చూశాం. ఇక కొలిచేదేమిటి? ‘8’ నిర్దోషంగా వేసిన కుర్రవాడు రోడ్డు మీద క్షేమంగా నడుపుతాడా? చిన్న లెక్క చెయ్యండి. గంటకు 50 కిలోమీటర్ల వేగం అంటే సెకనుకు దాదాపు 14 మీటర్లు. ఆగి ఉన్న బస్సు ముందు నుంచి పిల్లవాడు రోడ్డు దాటబోతున్నాడని ఒక్క సెకను ముందు పసిగట్టిన డ్రైవరుకు అదనంగా 14 మీటర్ల దూరం చిక్కుతుంది. ఆ 14 మీటర్లే ఒక్కోసారి ప్రాణం. ఈ పసిగట్టే శక్తిని ట్రాకు మీది గీతలు కొలవవు.

అందుకే బ్రిటన్‌లో 1996లో విడిగా రాత పరీక్ష పెట్టాక, 2002లో ‘ప్రమాద సూచనలను గుర్తించే పరీక్ష’ను చేర్చారు. అభ్యర్థికి రోడ్డు దృశ్యాల వీడియోలు చూపిస్తారు. ముప్పు రూపు దిద్దుకోవడం ఎంత ముందుగా గుర్తించి మీట నొక్కితే అన్ని మార్కులు.

శిక్షణ గంటలు పెంచితే చాలునా అన్నదాన్నీ శాస్త్రవేత్తలు పరీక్షించారు. 1970ల చివరలో అమెరికాలోని జార్జియా రాష్ట్రంలో, డీకాల్బ్ కౌంటీలో, 16,000 మందికి పైగా హైస్కూలు విద్యార్థులతో ఒక పెద్ద ప్రయోగం జరిగింది. కొందరికి సమగ్రమైన శిక్షణ, కొందరికి కనీస శిక్షణ ఇచ్చారు. మిగిలినవారికి ఏమీ ఇవ్వలేదు. తొలి నెలల్లో కొంత మేలు కనిపించినా అది నిలవలేదు. పైగా శిక్షణ పొందినవారు త్వరగా లైసెన్సు తీసుకుని చిన్న వయసులోనే రోడ్డెక్కారు.

ఆ ప్రయోగం నేర్పిన పాఠం ఏమిటి? కొత్త డ్రైవర్లకు తొలి నెలల్లోనే ప్రమాదాలు ఎక్కువ. ఆ అనుభవం పాఠాలతో రాదు, నడపగా నడపగా వస్తుంది. కాబట్టి అనుభవాన్ని తక్కువ ముప్పు ఉన్న పరిస్థితుల్లో సంపాదించుకోనివ్వాలి. 1987లో న్యూజీలాండ్ ఈ ఆలోచనను అమలు చేసింది. లెర్నర్స్ దశకూ పూర్తి లైసెన్సుకూ మధ్య ‘పరిమిత’ దశ పెట్టింది. ఆ దశలో అనుభవజ్ఞుడు పక్కన లేకుండా రాత్రి పొద్దుపోయాక నడపకూడదు, స్నేహితులను ఎక్కించుకోకూడదు. అమెరికా, ఆస్ట్రేలియా రాష్ట్రాలు కూడా ఇలాంటి దశలవారీ పద్ధతులను చేపట్టాయి. మన దేశంలో మాత్రం పరీక్ష నెగ్గిన మరునాడే ఎవరైనా అర్ధరాత్రి, స్నేహితులతో, జాతీయ రహదారి మీద నడపవచ్చు. మన చట్టంలో ఆ మధ్య మెట్టు లేదు.

మీ వంతు

ఈ చరిత్రను మూడు ముక్కల్లో చెప్పుకోవచ్చు. కొలతకు ఆధారం మిగలాలి. నేర్పేవాడూ కొలిచేవాడూ వేరుగా ఉండాలి. కొలవవలసింది చేతి నేర్పును మాత్రమే కాదు, ముప్పును ముందే చూసే కంటిని కూడా. మొదటిది మన దగ్గర కొంతవరకు వచ్చింది. రెండవదానికి కాపలా కావాలి. మూడవది ఇంకా రావలసి ఉంది.

ఇవి ప్రభుత్వాలు చెయ్యవలసిన పనులు. మీరు చెయ్యగలిగినదీ ఒకటి ఉంది. రేపు మీరు లైసెన్సుకు వెళ్ళినప్పుడు ఎవరో ఒకరు ‘ఎందుకు శ్రమ, నేను చూసుకుంటాను’ అంటారు. అప్పుడు 15వ నియమంలోని జాబితాను ముందు పెట్టుకుని, నమ్మకమైన పెద్దవారిని పక్కన కూర్చోబెట్టుకుని, ఒక్కొక్క అంశమే మీకు మీరు పరీక్ష పెట్టుకోండి. ఎత్తు మీద బండి ఆపి, జారకుండా కదిలించగలుగుతున్నారా? మలుపులో సిగ్నలు ఇచ్చే ముందు అద్దంలో చూస్తున్నారా? వీటికి నిజమైన జవాబు మీకు తప్ప మరెవరికీ తెలియదు. ‘లేదు’ అని వస్తే ఇంకో రెండు వారాలు నేర్చుకుని వెళ్ళండి. తప్పినా ఏడు రోజుల్లో మళ్ళీ పరీక్ష ఇవ్వవచ్చు. రోడ్డు మీద తప్పితే మరో అవకాశం మీకు ఉండకపోవచ్చు, మీ బండికి ఎదురుపడినవారికి కూడా ఉండకపోవచ్చు.